కప్పానా, ఐసీసీనా, బ్లాండ్–ఆల్ట్‌మనా: మీ కొలతలు ఎంత నమ్మదగ్గవో దేనితో తేల్చాలి?

థీసిస్‌ల కాలం వచ్చిందంటే నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "సార్, గైడ్ కప్పా వేయమన్నారు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చి ఐసీసీ ఏదీ అంటారంట. సీనియర్ థీసిస్‌లో చూస్తే కోరిలేషన్ ఉంది. ఏది పెట్టేది?" నేను తిరిగి ఒకటే అడుగుతాను: "ఇంతకీ ఏం కొలిచావు నాయనా?" అవతల కాసేపు మాట ఉండదు. సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ నొక్కాలో అడుగుదామని ఫోన్ చేస్తే, ఈయన మళ్ళీ ఊళ్ళోకి, పిలకాయల పళ్ళ దగ్గరికి, బీపీ పట్టీ దగ్గరికి తీసుకుపోతున్నాడేంటని విసుగు. కానీ ఏది వేయాలో తేలేది అక్కడే.

ఈ గొడవ మన వైపు కొత్తది కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ (నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు దెబ్బతినే జబ్బు) ఊళ్ళకి ఊళ్ళనే పట్టి పీడిస్తోందని వైద్య పత్రికకెక్కింది 1937లో. షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే నలుగురు ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాసిన ఆ వ్యాసం అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించే. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు నెల్లూరు కిందే ఉండేవి. 1970లో కొత్త జిల్లా ఏర్పడ్డాక ప్రకాశంలోకి వచ్చాయి. అప్పటి నుంచి ఎందరో డాక్టర్లు, విద్యార్థులు ఆ ఊళ్ళకి వెళ్ళి పళ్ళు చూస్తూనే ఉన్నారు. ఒకరు 'కొద్దిగా' అని రాసుకున్న మచ్చని ఇంకొకరు 'మధ్యస్థం' అంటే ఊరి లెక్కే మారిపోతుంది. పదేళ్ళ తర్వాత మళ్ళీ చూసి "తగ్గింది" అన్నామంటే, తగ్గింది జబ్బా, లేక చూసిన కళ్ళు మారాయా?

అందుకే ఈ పోలిక. కప్పా, ఐసీసీ (ఇంట్రాక్లాస్ కోరిలేషన్ కోఎఫిషియంట్), బ్లాండ్–ఆల్ట్‌మన్ అన్నీ ఇద్దరు కొలిచినా, రెండుసార్లు కొలిచినా జవాబు ఎంతవరకు కలుస్తోందో చూపే లెక్కలే. ఎవరికి ఏది సరిపోతుందో చెబుతాను. అంకెలతో వేసిన ఉదాహరణలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి, ఏ సర్వేలోవీ కావు.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, కొలిస్తే చేతికి ఏం వస్తుంది? ఉంది–లేదు అన్న జవాబా, మెట్లు మెట్లుగా ఉండే గ్రేడా, సెంటీమీటర్లలోనో మి.మీ. పాదరసంలోనో వచ్చే అంకా, లేక పది ప్రశ్నల మార్కులు కూడితే వచ్చే మొత్తమా? సగం దారులు ఇక్కడే మూసుకుపోతాయి.

రెండోది, ఏది మార్చి మళ్ళీ కొలిచారు? మనిషినా, మెషీన్‌నా, రోజునా? ఒకే డాక్టరు అదే ఎక్స్‌రేని వారం తర్వాత మళ్ళీ చూడటం వేరు, ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చూడటం వేరు. థీసిస్‌లో "రిలయబిలిటీ చూశాం" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఏది చూశారో ఎవరికీ తెలియదు.

మూడోదాన్ని చాలామంది దాటేస్తారు. మీకు కావాల్సింది వరస కలవడమా, అంకె కలవడమా? తరగతిలో ఎవరు పొడుగు, ఎవరు పొట్టి అన్నది మాత్రమే కావాలంటే ఒక టేపు అందరికీ రెండు సెంటీమీటర్లు ఎక్కువ చూపించినా నష్టం లేదు. ఎత్తుని డబ్ల్యూహెచ్‌వో పట్టికలో పెట్టి బిడ్డ ఎదుగుదల తక్కువా కాదా అని తేల్చాలంటే ఆ రెండు సెంటీమీటర్లే కొంప ముంచుతాయి.

నాలుగోది, ఆ అంకె మీద ఆధారపడి ఎవరు ఏ పని చేస్తారు? బీపీకి 140, నీళ్ళలో ఫ్లోరైడ్‌కి లీటరుకి 1.5 మి.గ్రా., పిల్లల దండ చుట్టుకొలతకి 115 మి.మీ. ఇలాంటి గీత ఒకటి ఉంటే, ఆ గీత దగ్గర కొలత ఎంత ఊగుతోందో చూడాలి. మొత్తం మీద సగటున ఎలా ఉందన్నది తర్వాతి మాట.

| కొలత తీరు | మన వైపు ఉదాహరణ | మొదట చూడాల్సింది | దాంతో వచ్చే చిక్కు |
|---|---|---|---|
| ఉంది / లేదు | పళ్ళపై ఫ్లోరోసిస్ మచ్చ | పొంతన శాతం, కప్పా | జబ్బు అరుదైతే కప్పా పడిపోతుంది |
| గ్రేడులు | డీన్ ఇండెక్స్ | వెయిటెడ్ కప్పా | వెయిట్లు మారిస్తే అంకె మారుతుంది |
| అంకె, ఇద్దరు కొలిచేవాళ్ళు | అంగన్‌వాడీలో ఎత్తు | ఐసీసీ, టీఈఎం | రకరకాల వయసులు కలిస్తే ఐసీసీ ఉబ్బుతుంది |
| అంకె, రెండు మెషీన్లు | పాదరసం బీపీ, డిజిటల్ బీపీ | బ్లాండ్–ఆల్ట్‌మన్ | ఎంత తేడా ఫరవాలేదో మీరే చెప్పాలి |
| ప్రశ్నల మొత్తం | మనసు, నొప్పి, అలవాట్ల ప్రశ్నావళి | ఆల్ఫా, మళ్ళీ అడగడం | ప్రశ్నలు పెంచితే ఆల్ఫా దానంతటదే పెరుగుతుంది |

పట్టికలోని పేర్లని కింద ఒక్కొక్కటిగా విప్పుతాను. కోరిలేషన్ (ఒక కొలత పెరిగితే రెండోదీ దాంతో పాటే పెరుగుతోందా అని చూపే అంకె) ఇందులో లేదు, మరిచిపోయి కాదు. ఎందుకో ఎత్తుల దగ్గర చెబుతాను.

పొంతన శాతం, కప్పా

వంద మందిని ఇద్దరు చూశారు, 80 మంది విషయంలో ఇద్దరి మాటా ఒకటే. అంటే 80 శాతం పొంతన. ఇంత సులువుగా అర్థమయ్యేది ఇంకోటి లేదు. చిక్కల్లా, ఇద్దరూ కళ్ళు మూసుకుని రాసినా కొంత పొంతన కుదురుతుంది. అలా కాకతాళీయంగా కుదిరేదాన్ని తీసేసి మిగిలింది చూద్దామని జాకబ్ కోహెన్ 1960లో కప్పా తెచ్చాడు.

ఫ్లోరైడ్ ఎక్కువున్న ఒక మెట్ట పల్లెలో 100 మంది పిల్లల్ని చూశారనుకుందాం. ఇద్దరూ 'ఉంది' అన్నది 45 మందికి, ఇద్దరూ 'లేదు' అన్నది 35 మందికి. మిగతా 20 మందిలో పది మందికి మొదటాయన ఉందంటే రెండో ఆయన లేదన్నారు, పది మందికి అటుదిటు. పొంతన 80 శాతం. కాకతాళీయంగా రావాల్సింది 50.5 శాతం. కప్పా 0.60 దాకా వస్తుంది.

అదే ఇద్దరు డాక్టర్లు సముద్రం వైపు, మచ్చలు పెద్దగా లేని ఒక ఊరికి వెళ్ళారు. ఇద్దరూ 'ఉంది' అన్నది ఇద్దరికే, 'లేదు' అన్నది 90 మందికి. తేడా పడింది నాలుగూ నాలుగూ ఎనిమిది మందికి. పొంతన 92 శాతం. ముందు ఊరికన్నా మేలు కదా? కప్పా వేస్తే 0.29. థీసిస్ రాసే పీజీ అమ్మాయిలు నాకు ఫోన్ చేసి టెన్షన్ పడేది ఇక్కడే: "సార్, సాఫ్ట్‌వేర్‌లో ఏదో తప్పుంది."

సాఫ్ట్‌వేర్‌లో తప్పేమీ లేదు. దాదాపు అందరికీ 'లేదు' అని రాసే ఊళ్ళో ఊరికే కూర్చుని రాసినా 89 శాతం పొంతన కుదురుతుంది. 92 అంటే దానికన్నా మూడు ఎక్కువ, అంతే. ఫైన్‌స్టీన్, సిచెట్టి 1990లో ఈ వింతనే విడమరిచి రాశారు. వాళ్ళు చూపిన దారి నాకు నచ్చుతుంది: 'ఉంది' అనడంలో పొంతన ఎంత, 'లేదు' అనడంలో ఎంత అని విడివిడిగా ఇవ్వడం. పై లెక్కలో 'లేదు' దగ్గర 96 శాతం, 'ఉంది' దగ్గర 33 శాతం. అంటే ఈ ఇద్దరు డాక్టర్లు మంచి పళ్ళని ఒకేలా గుర్తుపడుతున్నారు, మచ్చ దగ్గర మాత్రం గొడవ పడుతున్నారు. ఒంటరి కప్పా ఈ మాట చెప్పదు. కాబట్టి కప్పా ఇస్తే పక్కనే రెండు వరసలు, రెండు నిలువుల పట్టిక పూర్తిగా ఇవ్వండి. అర పేజీ పోతుంది, పోనీండి.

పట్టిక కూడా చెప్పని సంగతి ఒకటుంది. కనిగిరి వైపు ఒక హైస్కూలు వరండాలో చూశాను. ఒక డాక్టరు ప్రతి బిడ్డ ముందు పళ్ళనీ దూదితో తుడిచి, అవి ఆరాక చూస్తున్నారు. రెండో ఆయన ఎండలో నిలబెట్టి "ఈ... అను" అనిపించి తడి పళ్ళనే చూస్తున్నారు. సాయంత్రం కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే, తేడా పడ్డ పిల్లల్లో దాదాపు అందరికీ 'ఉంది' అన్నది దూది డాక్టరే. పన్ను ఆరితే తెల్ల మచ్చ బాగా బయటపడుతుంది. థైల్‌స్ట్రప్–ఫెజర్‌స్కోవ్ అనే ఫ్లోరోసిస్ సూచీలో పళ్ళు ఆరబెట్టే చూడమంటారు కూడా. తప్పు ఎవరి కళ్ళదీ కాదు. దూది వాడాలా వద్దా అని ముందే అనుకోలేదు, అంతే. మర్నాడు ఇద్దరికీ దూది ఇచ్చారు. కప్పా పెంచే ఉపాయాల్లో ఇంత చవకైనది నేను చూడలేదు.

ఇక కప్పా ఎంతుంటే మంచిది? లాండిస్, కోచ్ 1977లో ఇచ్చిన మెట్లే అందరూ రాస్తారు: 0.41 నుంచి 0.60 మధ్యస్థం, 0.61 నుంచి 0.80 గట్టిది, ఆ పైన దాదాపు పూర్తి పొంతన. ఆ గీతలు తాము ఊరికే గీసుకున్నవేనని వాళ్ళే ఆ వ్యాసంలో ఒప్పుకున్నారు. 0.60 వస్తే ఫెయిల్, 0.61 వస్తే పాస్ అన్నట్టు చూడొద్దు. చూసేవాళ్ళు ముగ్గురో అంతకన్నా ఎక్కువో ఉంటే కోహెన్ కప్పా పనికిరాదు; ఫ్లైస్ 1971లో ఇచ్చిన కప్పా తీసుకోవాలి.

గ్రేడులకి వెయిటెడ్ కప్పా

డీన్ 1942లో దిద్దిన ఫ్లోరోసిస్ ఇండెక్స్‌లో మామూలు పన్ను, అనుమానం, అతి స్వల్పం, స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని ఆరు మెట్లు. ఒకరు 'స్వల్పం' అని, మరొకరు 'మధ్యస్థం' అనడం చిన్న తేడా. ఒకరు 'మామూలు' అని ఇంకొకరు 'తీవ్రం' అంటే ఒకరు వేరే పిల్లాడి కాగితంలో రాసేసినట్టే. మామూలు కప్పాకి రెండూ ఒకటే తప్పు. వెయిటెడ్ కప్పా చిన్న తేడాకి చిన్న కోత, పెద్ద తేడాకి పెద్ద కోత పెడుతుంది. ఇది కూడా కోహెన్‌దే, 1968.

కోతని సరళంగా పెట్టాలా, వర్గం చేసి పెట్టాలా అన్నది మీ ఎంపిక. ఆరు మెట్లలో ఒక మెట్టు తేడా వస్తే సరళ పద్ధతిలో 80 శాతం మార్కు దక్కుతుంది, వర్గ పద్ధతిలో 96 శాతం. అందుకే వర్గంలో అంకె సాధారణంగా అందంగా వస్తుంది. రెండూ వేసి ఎక్కువ వచ్చింది రాసుకునే అలవాటు మన దగ్గర బాగా ఉంది. డేటా చూడకముందే ప్రోటోకాల్‌లో ఒకటి రాసేసుకుంటే ఆ ఆశ పుట్టదు.

ఐసీసీ, టీఈఎం: అంకెలు వచ్చినప్పుడు

ఇప్పుడు కోరిలేషన్ కథ. ఒక అంగన్‌వాడీలో ఐదుగురు పిల్లల ఎత్తు ఇద్దరు కొలిచారనుకోండి.

| బిడ్డ | మొదటి కొలత (సెం.మీ.) | రెండో కొలత (సెం.మీ.) |
|---|---|---|
| 1 | 84.2 | 86.2 |
| 2 | 88.0 | 90.0 |
| 3 | 91.5 | 93.5 |
| 4 | 95.3 | 97.3 |
| 5 | 99.1 | 101.1 |

కోరిలేషన్ వేయండి: నిక్కచ్చిగా 1. ఇంతకన్నా బాగా రావడానికి వీల్లేదు. కానీ రెండో ఆమె ప్రతి బిడ్డనీ రెండు సెంటీమీటర్లు సాగదీసింది. కోరిలేషన్ వరసని చూస్తుంది, అంకెని చూడదు. పొంతన తేల్చడానికి అది పనికిరానిది ఇందుకే.

ఐసీసీ దీన్ని పట్టుకుంటుందని క్లాసులో చెబుతారు. పట్టుకుంటుంది, కానీ ఏ ఐసీసీ? ష్రౌట్, ఫ్లైస్ 1979లో ఆరు రకాలు చెప్పారు, మెక్‌గ్రా, వాంగ్ 1996లో ఆ జాబితాని పదికి పెంచారు. అన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. వరస కలిస్తే చాలనే 'కన్సిస్టెన్సీ' రకం తీసుకుంటే పై పట్టికకి మళ్ళీ 1 వస్తుంది. అంకె కూడా కలవాలనే 'అబ్సొల్యూట్ అగ్రిమెంట్' రకం తీసుకుంటే 0.945. ఎస్‌పీఎస్‌ఎస్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో మీరు మార్చకపోతే దానంతటది తీసుకునేది కన్సిస్టెన్సీనే, అదీ సంగతి.

ఆగండి, 0.945 కూడా చిన్న అంకె కాదు. కూ, లీ 2016లో ఇచ్చిన సలహా ప్రకారం 0.9 పైన ఉంటే 'అద్భుతం'. ప్రతి బిడ్డా రెండు సెంటీమీటర్లు తప్పుగా ఉంటే అద్భుతమా? ఇక్కడి కిటుకు పిల్లల ఎత్తుల్లోని ఎడం. 84 నుంచి 99 దాకా ఉన్న పిల్లల మధ్య రెండు సెంటీమీటర్లు లెక్కలోకి రావు. అదే వయసు పిల్లల్నే, ఎత్తుల ఎడం తక్కువగా, అంటే స్టాండర్డ్ డీవియేషన్ 2 సెంటీమీటర్లు ఉన్నవాళ్ళని తీసుకుంటే అదే తప్పుకి అదే ఐసీసీ 0.67కి పడిపోతుంది. టేపు మారలేదు, చెయ్యి మారలేదు. పిల్లలు మారారంతే. అందుకని ఒక ఊరి ఐసీసీని ఇంకో ఊరి ఐసీసీతో పోల్చి "మా వాళ్ళు బాగా కొలిచారు" అనడం కుదరదు.

ఎత్తు, బరువు, దండ చుట్టుకొలత కొలిచేవాళ్ళకి నేను ముందు చెప్పేది టీఈఎం, అంటే టెక్నికల్ ఎర్రర్ ఆఫ్ మెజర్‌మెంట్. లెక్క చేత్తోనే అయిపోతుంది. పది మంది పిల్లల్ని రెండేసి సార్లు కొలవండి. తేడాలు 0.2, 0.4, 0.1, 0.5, 0.3, 0, 0.6, 0.2, 0.4, 0.3 అనుకుందాం. ఒక్కోదాన్నీ వర్గం చేసి కూడితే 1.20. దాన్ని పిల్లల సంఖ్యకి రెట్టింపుతో, అంటే 20తో భాగిస్తే 0.06. వర్గమూలం 0.24 సెం.మీ. వచ్చేది సెంటీమీటర్లలోనే కాబట్టి సూపర్‌వైజర్‌కీ అర్థమవుతుంది, ఆశా అక్కకీ అర్థమవుతుంది. "నీ చేతి తప్పు పావు సెంటీమీటరు" అంటే ఎవరూ చిన్నబుచ్చుకోరు; "నీ ఐసీసీ 0.83" అంటే ముఖం చూస్తారు. ఒక లోటు మాత్రం ఉంది: ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ ఎక్కువ కొలుస్తున్నారా అన్నది టీఈఎం విడిగా చెప్పదు. తేడాల ముందు ప్లస్, మైనస్ గుర్తులు ఉంచి ఒకసారి చదువుకోండి.

ఆ రెండు సెంటీమీటర్లు ఎక్కడివంటారా? నేను చూసిన ఒక కేంద్రంలో ఎత్తు బోర్డు చాప మీద నిలబెట్టారు, అది వెనక్కి వాలింది. ఇంకో చోట నడినెత్తిన బిగించిన పిలక. రెండేళ్ళ లోపు బిడ్డని పడుకోబెట్టి కొలవాలి, దాటినవాళ్ళని నిలబెట్టి. చిన్నవాళ్ళని నిలబెట్టి కొలిస్తే డబ్ల్యూహెచ్‌వో 0.7 సెం.మీ. కలపమంటుంది. ఒకరు పడుకోబెట్టి, మరొకరు నిలబెట్టి కొలిచిన డేటాకి ఏ ఐసీసీ వేసినా దండగే.

బ్లాండ్–ఆల్ట్‌మన్: రెండు మెషీన్ల మధ్య

ఒక్కటే నేర్చుకునే ఓపిక ఉంటే ఇది నేర్చుకోండి. 1986లో లాన్సెట్‌లో వచ్చిన బ్లాండ్, ఆల్ట్‌మన్‌ల వ్యాసం చెప్పింది చాలా మామూలు మాట: రెండు కొలతల తేడా తీయండి, ఆ తేడాని రెండిటి సగటుకి ఎదురుగా చుక్కలుగా పెట్టండి, చూడండి.

డిజిటల్ బీపీ మెషీన్ పాదరసం దానికన్నా సగటున 3 ఎక్కువ చూపిస్తోంది, తేడాల స్టాండర్డ్ డీవియేషన్ 7 అనుకోండి. 1.96 × 7 అంటే 13.7. కాబట్టి వంద కొలతల్లో దాదాపు 95కి తేడా −10.7, +16.7 మధ్య ఉంటుంది. పాదరసం 136 చూపించిన మనిషికి డిజిటల్ 125 అయినా చూపొచ్చు, 153 అయినా చూపొచ్చు. మాత్ర మొదలుపెట్టే గీత 140. ఇక నిర్ణయం మీదే. ఇలా నిర్ణయాన్ని డాక్టరు చేతికే ఇవ్వడం ఈ పద్ధతి గొప్పతనం. చాలామంది దీన్ని వదిలేయడానికి కారణమూ అదే. "ఎంత తేడా దాకా ఫరవాలేదు" అని డేటాకి ముందే రాసుకోవాలి. బీపీ మెషీన్లకైతే అంతర్జాతీయ ప్రమాణం రాసే పెట్టింది: కనీసం 85 మంది మీద పరీక్షించాలి, సగటు తేడా 5 దాటకూడదు, దాని స్టాండర్డ్ డీవియేషన్ 8 దాటకూడదు. గమనించారా, పై ఉదాహరణలోని మెషీన్ ఈ ప్రమాణంలో పాసైపోతుంది. చాలామంది సగటు చూసే లెక్కల్లో అది మంచి మెషీనే. ఒక్క మనిషికి ఒక్కసారి చూసి మందు రాయడానికి చాలదు.

చుక్కలు గరాటులా విచ్చుకుంటుంటే, అంటే బీపీ పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంటే, ఒకే సగటు తేడా చెప్పి ఊరుకోకూడదు. శాతాల్లో తేడా తీయండి, లేదా కొలతలకి లాగ్ (సంవర్గమానం) వేయండి.

గ్రాఫుకన్నా ముందే చేయగల పరీక్ష ఒకటుంది, పైసా ఖర్చు లేదు. పాదరసం మీటరు మీద గీతలు రెండేసికి ఒకటి. సరిగా చదివితే చివరి అంకె 0, 2, 4, 6, 8 దాదాపు సమానంగా, ఒక్కోటి ఇరవై శాతం చొప్పున రావాలి. రిజిస్టర్ తిరగేసి చివరి అంకెలు లెక్కపెట్టండి. 120/80, 130/80, 140/90 అంటూ సున్నాలే బారులు తీరాయంటే అక్కడ మీటరు చదవలేదు, అంచనా వేశారు. 5 కనిపిస్తే మరీ ముచ్చట. ఆ మీటరు మీద ఐదు గీతే లేదు.

ఒక మనిషిలో మార్పు నిజమా?

మందు ఇచ్చి నెల తర్వాత బీపీ పది తగ్గింది. మందు పనిచేసిందా? బీపీల స్టాండర్డ్ డీవియేషన్ 15, ఐసీసీ 0.80 అనుకుంటే కొలత తప్పు (15 × √(1 − 0.80)) 6.7. ఒకే మనిషిలో మార్పు నిజమని నమ్మాలంటే దానికి 2.77 రెట్లు (రెండు కొలతల్లోనూ తప్పు ఉంటుంది కాబట్టి 1.96 × √2), అంటే 18.6 దాటాలి. పది తగ్గడం ఒక్కరి విషయంలో గాలివాటు కూడా కావచ్చు. వంద మంది సగటు పది తగ్గితే కథ వేరు. ఈ రెండూ కలిపేసి రాసిన పేపర్లు కోకొల్లలు. క్లినిక్‌లో ఒక్కో రోగి చార్టు చూసేవాళ్ళకి ఐసీసీ కన్నా ఈ 18.6 లాంటి అంకే పనికొస్తుంది.

ఊపిరి పరీక్షలో ఈ జాగ్రత్త పద్ధతిలోనే కలిపేశారు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో దుమ్ము పీల్చేవాళ్ళకి స్పైరోమెట్రీ చేస్తున్నారనుకోండి. సరిగ్గా ఊదినవి కనీసం మూడు ఉండాలి, వాటిలో మెరుగైన రెండిటి మధ్య తేడా 150 మి.లీ. దాటకూడదు. దాటితే మళ్ళీ ఊదించాలి. షిఫ్టు దిగి అలిసిపోయి వచ్చిన మనిషి మూడోసారి ఊదడానికి విసుక్కుంటాడు. అక్కడ కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి ఐదు నిమిషాలు ఆగితే ఐసీసీ దానంతటదే పెరుగుతుంది.

ప్రశ్నావళికి ఆల్ఫా

నర్సింగ్ థీసిస్‌లలో క్రోన్‌బాక్ ఆల్ఫా (1951) లేని పుస్తకం ఉండదు. ఒకే విషయం మీద వేసిన ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తున్నాయో అది చెబుతుంది. అంతకు మించి చెప్పదు. రేపు అడిగితే అదే జవాబు వస్తుందా అన్నది దానికి తెలియదు.

పైగా దాన్ని పెంచడం తేలిక. ప్రశ్నల మధ్య సగటు సంబంధం 0.3 అనుకుంటే 5 ప్రశ్నలకి ఆల్ఫా 0.68, 10 ప్రశ్నలకి 0.81, 20 ప్రశ్నలకి 0.90. ప్రశ్న ఏదీ మెరుగవలేదు, జనానికి ఓపిక నశించింది, అంతే. 0.95 పైన వస్తే నాకు అనుమానమే: ఒకే ప్రశ్నని మాటలు మార్చి అడిగారేమో.

మళ్ళీ అడిగి చూడటానికి రెండు వారాల ఎడం ఇవ్వడం రివాజు. కానీ దిగులు ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 లాంటి ప్రశ్నావళి "గత రెండు వారాల్లో" అని అడుగుతుంది. రెండు వారాల తర్వాత మళ్ళీ అడిగితే పూర్తిగా వేరే పక్షం గురించి అడిగినట్టు. ఆ మధ్యలో పొగాకు వేలంలో ధర పడిపోయిందనుకోండి, కందుకూరు రైతు జవాబు మారడం కొలత తప్పు కాదు, బతుకు మారింది. అలాంటి ప్రశ్నలకి రెండు మూడు రోజుల ఎడమే మేలని నా ఉద్దేశం. ముందు చెప్పిన జవాబు గుర్తుంచుకుని అదే చెప్పే ప్రమాదం ఉన్నా సరే.

అనువాదం సంగతి ఆల్ఫా కన్నా ముందే చూడాలి. కావలి దగ్గర ఒక పల్లెలో "మీకు నిస్పృహ కలుగుతోందా?" అని చదివితే ఆ పెద్దావిడ "అంటే ఏంది నాయనా?" అంది. అడిగే అమ్మాయి ఒక్కో ఇంట్లో ఒక్కోలా విడమరిచి చెప్పింది. ఒక చోట దిగులు అంది, ఒక చోట నీరసం అంది. ఆ ప్రశ్నకి జవాబులు కలవకపోవడంలో ఆ ఇళ్ళవాళ్ళ తప్పేమీ లేదు.

ల్యాబ్ కొలతలు

ఇక్కడ కథ చిన్నది. ఒకే నీళ్ళని పది సార్లు పరీక్షించి వచ్చిన స్టాండర్డ్ డీవియేషన్‌ని సగటుతో భాగిస్తే సీవీ, అంటే కోఎఫిషియంట్ ఆఫ్ వేరియేషన్. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1.5 దగ్గర సీవీ 10 శాతం ఉంటే 1.2 నుంచి 1.8 దాకా ఏదైనా రావచ్చు. గీత దగ్గరున్న బోర్లకి ఒక్క పరీక్షతో ఎర్ర రంగు వేయొద్దు. ఒకే సీసాని వేరే పేరుతో రెండోసారి పంపండి. ల్యాబ్‌కి చెప్పకుండా.

ఎవరికి ఏది

పీజీ విద్యార్థికి: పళ్ళు, ఎక్స్‌రే, కంటి పరీక్ష లాంటివైతే కప్పా, పక్కన పూర్తి పట్టిక. అంకెలైతే అబ్సొల్యూట్ అగ్రిమెంట్ ఐసీసీ, పక్కన బ్లాండ్–ఆల్ట్‌మన్. ఐసీసీ ఒక్కదాన్నే పంపితే నేనే వెనక్కి పంపుతాను. ఎంతమంది కావాలంటే, ముప్పై కన్నా తక్కువతో మొదలుపెట్టొద్దు, యాభై ఉంటే నిమ్మళం. అసలు విలువ ఏ హద్దుల మధ్య ఉండొచ్చో చెప్పే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ కింది కొన చూసి మాట్లాడండి. 0.82 అని రాసి దాని కింది కొన 0.55 ఉంటే అది 'మంచిది' కాదు, 'ఇంకా తెలియదు'.

సర్వే నడిపే సూపర్‌వైజర్‌కి: టీఈఎం, చివరి అంకెల లెక్క. రెండూ కాగితం మీదే అవుతాయి, తప్పు దొరికిన మర్నాడే దిద్దుకోవచ్చు. సర్వే అంతా అయ్యాక వచ్చే ఐసీసీ మీకు పోస్టుమార్టం రిపోర్టు లాంటిది.

ప్రశ్నావళి వాడేవాళ్ళకి: ముందు పది మందితో గట్టిగా చదివించి, ఏం అర్థమైందో వాళ్ళ మాటల్లో చెప్పించుకోండి. ఆ తర్వాత మళ్ళీ అడగడం. ఆల్ఫా చివరన.

ఇంట్లో అమ్మానాన్నలకి బీపీ మెషీన్ కొన్నవాళ్ళకి ఈ లెక్కలేవీ వద్దు. ఆస్పత్రికి వెళ్ళినప్పుడు మెషీన్ కూడా తీసుకెళ్ళి, అదే చేతికి, ఐదు నిమిషాలు కూర్చున్నాక, ఒకదాని తర్వాత ఒకటి మూడేసి సార్లు చూడండి. తేడాలు చీటీ మీద రాసి డబ్బాలో పెట్టుకోండి.

పేపర్ చదివి రాసే విలేకరులకి: "పరిశోధకుల మధ్య 95 శాతం ఏకాభిప్రాయం" అని కనిపిస్తే, ఆ జబ్బు ఎంతమందికి ఉందో వెంటనే అడగండి. నూటికి ముగ్గురికే ఉంటే ఆ 95 ఏమంత గొప్ప కాదు.

ఇక మొదట ఫోన్ చేసిన అబ్బాయి విషయం. అతను కొలిచింది హిమోగ్లోబిన్: ల్యాబ్‌లో ఒకసారి, ఊళ్ళో చిన్న మెషీన్‌తో ఒకసారి. కప్పా కాదు, ఐసీసీ కాదు, కోరిలేషన్ అసలే కాదు; రెండు మెషీన్లు కాబట్టి బ్లాండ్–ఆల్ట్‌మన్. ఎక్సెల్‌లో రెండు కాలమ్‌లు వాట్సాప్ చేయమన్నాను. పక్కన మూడో కాలమ్‌లో తేడా తీసి పంపాను. నలభై రెండో వరసలో తేడా 9.8 ఉంది. పది నిమిషాల తర్వాత మెసేజ్: "సార్, 11.2 అని ఎక్కించాల్సింది 1.12 అని ఎక్కించాను."